పాత జెన్‌లో వ్యాక్యూమ్ పైపులు మార్చినోళ్లు ఎవరన్నా ఉండారా? ఐడిల్ నిలబడ్డం ల్యా

కరకంబాడి_జెన్:
అందరికీ నమస్తే. నాది 1998 మారుతి జెన్ కారు, కార్బ్యురేటర్ (పెట్రోల్, గాలి కలిపి ఇంజన్‌కి పంపేది) బండి, మా నాయన కొన్నది ఇప్పుడు నేను తోల్తా ఉండా. నెల నుంచి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం) ఒక చోట నిలబడ్డం ల్యా, లేస్తాది మళ్లీ పడిపోతాది, మొన్న తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో రెండు తూర్లు ఆగిపోయె, ఎనకాల బస్సోడు హారన్ మీద చెయ్యి తీస్తే కదా. రోడ్డు మీద పోతా ఉంటే మాత్రం ఏ బాధా ల్యా. మెకానిక్ ఒకాయన కార్బ్యురేటర్ పోయింది మార్చాల్సిందే 9 వేలు అవుతాది అన్నాడు. నేను బానెట్ ఎత్తి చూస్తే సన్న సన్న నల్ల వ్యాక్యూమ్ పైపులు ఉండాయి కదా, ఒకటి వంచినా, ఎండిన చింతకాయ మాదిరి పెళుక్కుమనింది. ఇవి మారిస్తే సరిపోతాదా లేక 9 వేలకు రెడీ కావాల్నా?

చిత్తూరు_చిన్నప్ప:
అన్నా 9 వేలు జోబులోనే పెట్టుకో. రోడ్డు మీద బాగుంది ఆగితేనే గోల అన్నావే, అదే గుర్తు. కాలు తీసినప్పుడు థ్రాటిల్ మూసుకుంటాది, అప్పుడు ఇంజన్ గాలి కోసం గట్టిగా పీలుస్తాది, మానిఫోల్డ్‌లో (కార్బ్యురేటర్ నుంచి ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టం) వ్యాక్యూమ్, అంటే పీల్చే బలం, ఎక్కువ ఉండేది ఆ టైములోనే. అప్పుడు పైపు చీలికలోంచి దొంగగాలి దూరితే పెట్రోల్ సరిపోక ఊగతాది. రేసిస్తే ఎట్లాగూ బోలెడు గాలి పోతా ఉంటాది కాబట్టి ఆ చీలిక లెక్కలోకి రాదు. గజం పొడవు నీళ్ల పైపు ముక్క తీసుకో, ఒక కొన చెవికి పెట్టుకో, రెండో కొన ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఒక్కో పైపు ఎంబడి తిప్పు (ఫ్యాన్ బెల్టుకి దూరంగా సామీ). లీకు ఉన్న చోట బుస్సుమని పాము మాదిరి వినిపిస్తాది. కొందరు కార్బ్ క్లీనర్ (కార్బ్యురేటర్ కడిగే స్ప్రే) కొట్టి చూడమంటారు, వేడి ఇంజన్ మీద అది కొట్టడం నాకు భయం, ఒక తూరి మా షెడ్డులో గుప్పున అంటుకునింది. సబ్బు నీళ్లు కొడితే చాలు, లీకు ఉన్న చోట నీళ్లు లోపలికి లాగేసి ఐడిల్ మారతాది.

మదనపల్లె_టమోటా:
వ్యాక్యూమ్ గేజ్ (ఆ పీల్చే బలం కొలిచే మీటర్) దొరికితే పెట్టి చూడండి. మంచి ఇంజన్‌కి ఐడిల్‌లో 17 నుంచి 21 ఇంచులు (పాదరసం లెక్కలో) ఉండాల, ముల్లు కదలకుండా. కానీ అది కింద ఊర్ల లెక్క. మాది దాదాపు 700 మీటర్ల ఎత్తు, వెయ్యి అడుగులకి ఒక ఇంచు తగ్గతాది, అందుకే ఈడ 16 చూపిస్తే నేను ఇంజన్ పోయిందని రాత్రంతా నిద్రపోలా 😅 తిరుపతిలో అయితే ఆ సాకు పనికిరాదు.

రేణిగుంట_అక్క:
నేను మా ఆయన మారుతి 800కి పోయిన ఎండాకాలం మొత్తం పైపులు మార్చినా, ఆయన పక్కన నిలబడి టార్చి పట్టినాడు. ఒకటే మాట, పాత పైపుని పట్టి పీకొద్దు తమ్ముడూ. పాతికేండ్లుగా నిపిల్‌కి (పైపు ఎక్కే మూతికి) అతుక్కుపోయి ఉంటాది, నేను కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగితే పైపు రాలా, ఒక వాల్వు ప్లాస్టిక్ నిపిల్ విరిగి చేతిలోకి వచ్చె. ఆ వాల్వు కోసం మావాళ్లు చెన్నై పుదుపేట దాకా పోయి తెచ్చినారు. బ్లేడుతో పొడుగ్గా గాటు పెట్టి ఒలిచేయాల, అరటితొక్క మాదిరి. నిపిల్‌కి బ్లేడు తగలకూడదు, గీత పడితే మళ్లీ అక్కడే లీకు. ఇంకోటి, అన్నీ ఒకేసారి పీకేసి కుప్ప పోసుకోవద్దు, ఒకటి తియ్యి ఒకటి వెయ్యి. ముందు ఫోన్‌లో నాలుగు పక్కల నుంచి ఫోటోలు తీసుకో. ఎక్కేటప్పుడు గట్టిగా ఉంటే సబ్బు నీళ్లు, గ్రీజు వద్దు. మధ్యలో ప్లాస్టిక్ టీ జాయింట్లు ఉంటాయి, అవీ మార్చెయ్, పైపుకంటే అవే ముందు పగుల్తాయి.

చిత్తూరు_చిన్నప్ప:
అక్క చెప్పింది కరెక్టు. ఏ పైపు వెయ్యాలో కూడా చెప్తా. చేపల తొట్టి పైపు, సైకిల్ వాల్ ట్యూబు అన్నీ చూసినా నేను. వాల్ ట్యూబు నాలుగు దినాలు బాగుంటాది తర్వాత వేడికి జిగురు మాదిరి అయిపోతాది. సిలికాన్ పైపు ఎండకి, వేడికి సూపర్, రంగు రంగులు ఉంటాయి, కానీ పెట్రోల్ ఆవిరి పోయే పైపుకి, ఇంజన్ ఆయిల్ ఆవిరి పోయే పైపుకి అది వెయ్యొద్దు, ఉబ్బి మెత్తబడతాది. వాటికి ఫ్యూయల్ హోస్ అని అడిగి తీసుకో. లోపల బోరు కొలుచుకోని పో, ఒక మిల్లీ లూజైనా క్లిప్పు ఆపలేదు.

ఘాట్‌రోడ్డు_మామ:
సన్న పైపుల గురించి అందరూ చెప్తా ఉండారు, లావు పైపు సంగతి ఎవరూ ఎత్తలేదే. మానిఫోల్డ్ నుంచి బ్రేక్ బూస్టర్‌కి (వ్యాక్యూమ్ బలంతో బ్రేకు తొక్కడం సులువు చేసే డబ్బా) పోయేది. మూడేండ్ల కింద పలమనేరు నుంచి వస్తా మొగిలి ఘాట్ దిగతా ఉండా, మూడో మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ రాయి మాదిరి గట్టిగా అయిపోయె, బండి ఆగదు, ముందర టమోటా లారీ. సెకండ్ గేర్‌కి తోసి హ్యాండ్ బ్రేకు లాగి రెండు కాళ్లూ పెట్టి తొక్కితే లారీకి మూరెడు దూరంలో నిలబడింది, మీ అత్త దావంతా మాట్లాడలా. చూస్తే ఏముంది, అంతకుముందు ఒక మెకానిక్ ఆ పైపు చీలిందని మామూలు నీళ్ల పైపు ముక్క వేసినాడు, వేడికి మెత్తబడి, వ్యాక్యూమ్‌కి చప్పిడి అయిపోయి లోపల అతుక్కుపోయింది. బయటికి చూస్తే చీలిక ల్యా ఏమీ ల్యా. ఆ పైపు మాత్రం బ్రేక్ బూస్టర్‌ది అని అడిగి, లోపల దారం అల్లిక ఉండేదే తీసుకోండి. ఆ పైపులో ఉండే చెక్ వాల్వు (గాలిని ఒక పక్కకే పోనిచ్చేది) తిరగేసి పెట్టొద్దు, దాని మీద బాణం ఉంటే అది ఇంజన్ పక్కకి చూడాల. టెస్ట్ చాలా సులువు, ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు తూర్లు తొక్కు, గట్టిపడినాక కాలు అట్లే పెట్టి స్టార్ట్ చెయ్యి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టు. దిగకపోతే ఘాట్ పక్కకే పోవద్దు.

కరకంబాడి_జెన్:
మామా నీ కథ చదివి రాత్రే పోయి టెస్ట్ చేసినా, దిగింది, బతికినా. ఆదివారం మిగతా పని పెట్టుకున్నా. చెవికి పైపు పెట్టి ఎతికితే దొరికింది, మానిఫోల్డ్ కింద పక్క మోచెయ్యి మాదిరి వంగిన చిన్న రబ్బరు, పైనుంచి చూస్తే మంచిగా ఉంది, అద్దం పెట్టి కింద చూస్తే నోరు తెరుచుకోని ఉంది. అక్క చెప్పినట్టే బ్లేడుతో ఒలిచినా. ఆటోనగర్‌లో పైపులు, క్లిప్పులు, రెండు టీలు అన్నీ కలిపి 640 అయింది. ఐడిల్ గడియారం మాదిరి కొడతా ఉంది ఇప్పుడు. కానీ కొత్త తలనొప్పి, ఏసీ వేస్తే ఐడిల్ పడిపోయి వణకతా ఉంది, ముందు ఇట్లా లేదు.

చిత్తూరు_చిన్నప్ప:
ఏసీ వేసినప్పుడు ఐడిల్ ఎత్తడానికి కార్బ్యురేటర్ పక్కన చిన్న డయాఫ్రమ్ (లోపల రబ్బరు పొర ఉండే) డబ్బా ఉంటాది, దానికి వ్యాక్యూమ్ ఒక కరెంటు వాల్వు ద్వారా పోతాది. ఆ వాల్వుకి రెండు మూతులు, పైపులు అటుదిటు ఇటుదటు పెట్టుంటావు. ఫోటోలు తీసినావు కదా, చూడు.

కరకంబాడి_జెన్:
ఫోటోలో ఆ వాల్వు కాడ నా బొటనవేలు ఉంది అన్నా. సరే, రెండూ మార్చి పెట్టినా, ఏసీ స్విచ్ వేస్తానే టక్కుమని లేస్తా ఉంది. మా నాయన వచ్చి చూసి, ఇంత చిన్నదానికి ఒక ఆదివారమా అన్నాడు.