హెబియస్ కార్పస్‌ను నిలిపివేసే అధికారం లింకన్‌కు ఉందా?

ప్రశ్న (న్యాయశాస్త్ర విద్యార్థి, అనంతపురం):
తిరుగుబాటు, దండయాత్రల వేళ ప్రజాభద్రతకు అవసరమైతే తప్ప హెబియస్ కార్పస్‌ను (నిర్బంధించిన వ్యక్తిని కోర్టు ముందు హాజరుపరచమనే ఆదేశాన్ని, అంటే రిట్‌ను) నిలిపివేయరాదన్న నిబంధన అమెరికా రాజ్యాంగంలో కాంగ్రెస్‌కు సంబంధించిన మొదటి ఆర్టికల్‌లో ఉంది. అయినా 1861 ఏప్రిల్‌లో, అంతర్యుద్ధం మొదలైన వేళ, అధ్యక్షుడు లింకన్ కాంగ్రెస్‌ను సంప్రదించకుండానే ఆ అధికారాన్ని సైన్యానికి అప్పగించాడు. ఇది రాజ్యాంగ ఉల్లంఘన కాదా? పెద్దలు వివరించగలరు.

జవాబు (న్యాయవాది, కర్నూలు):
ముమ్మాటికీ ఉల్లంఘనే. మేరీలాండ్‌లో జాన్ మెరీమన్‌ను సైన్యం నిర్బంధించినప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ రిట్ జారీ చేసినా సైన్యాధికారి అతణ్ణి హాజరుపరచలేదు. ఆ అధికారం కాంగ్రెస్‌దేనని టానీ స్పష్టంగా రాశాడు గానీ, తీర్పును అమలు చేయించే బలగం ఆయనకు లేదు. నల్లజాతివారికి పౌరసత్వం లేదని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో తేల్చిన న్యాయమూర్తి కూడా ఈయనే కావడం విడ్డూరం.

జవాబు (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, కడప):
వకీలుగారూ, నేను అంత తేలికగా ఒప్పుకోలేను. ఎప్పుడు నిలిపివేయవచ్చో చెప్పిన ఆ నిబంధన, ఎవరు నిలిపివేయాలో చెప్పలేదు. అప్పుడు కాంగ్రెస్ సమావేశాల్లో లేదు. బాల్టిమోర్‌లో సైనికులపై దాడి జరిగి, రాజధానికి చేరే రైలు వంతెనలు కాలిపోయాయి. కాంగ్రెస్ 1863లో గానీ చట్టం చేయలేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మిలిగన్ కేసు. ఇండియానాలో పౌర న్యాయస్థానాలు పనిచేస్తుండగానే సైనిక విచారణలో అతనికి మరణశిక్ష పడింది. అది చెల్లదని 1866లో సుప్రీంకోర్టు తీర్పు రాసిన డేవిడ్ డేవిస్ లింకన్ మిత్రుడే, ఆయన నియమించినవాడే. కానీ అప్పటికి యుద్ధమే ముగిసిపోయింది.

ప్రశ్నించిన విద్యార్థి:
గురువుగారూ, ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకెళ్లే హక్కును నిలిపివేయనిచ్చే మన ఆర్టికల్ 359లోనూ ఈ సందిగ్ధత ఉందాండీ?

జవాబు (న్యాయవాది, కర్నూలు):
లేదు బాబూ, అందులో రాష్ట్రపతి అని స్పష్టంగానే ఉంది. అయినా ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తులు నిర్బంధితులకు రిట్ దక్కదన్నారు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. 20, 21 ఆర్టికల్స్‌ను (నేరారోపణల్లో రక్షణ, జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ) ఎమర్జెన్సీలోనూ తాకకుండా చేసిన 44వ సవరణకు 1979లో రాష్ట్రపతిగా ఆమోదం తెలిపింది మీ జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారే. ఇక మిలిగన్ తీర్పులో, విడుదల విషయంలో తొమ్మిదిమందీ ఏకమైనా, కాంగ్రెస్ అనుమతిస్తే అలాంటి సైనిక విచారణ చెల్లుతుందా అన్నదానిపై అయిదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచారు. ఆ నలుగురి అభిప్రాయాన్నీ తప్పక చదవండి.