అడగకుండా తీసిన ఫోటోలు ఊరి గోడకు ఎక్కించొచ్చా?

రామగిరి మేనల్లుడు:
మా మేనమామ నల్గొండ గడియారం సెంటర్ దగ్గర ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాడు. పోయినేడు కాలం చేశాడు. అటక మీంచి సామాన్లు దింపితే చెప్పుల డబ్బాల నిండా నెగటివ్‌లు. పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు పక్కన పెడితే అందులో మన ఊరంతా ఉంది. ఎట్లాగంటే, యాషికా కెమెరాలో వేసే 120 రీలుకు పన్నెండే ఫోటోలు. పెళ్లిలో ఆఖరి రీలుకు తొమ్మిది తీస్తే మూడు మిగిలేవి. రీలు అవగొట్టకుండా కడగడానికి మామకు ప్రాణం ఒప్పేది కాదు, అవతల పెళ్లివాళ్లేమో తొందర పెట్టేవాళ్లు. అందుకని స్కూటర్ మీద తిరిగొస్తూ ఆ మూడూ రోడ్డు మీదే కొట్టేసేవాడు. బత్తాయి లోడెత్తే హమాలీలు, లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సులో గాజుల దుకాణం, పానగల్ ఛాయా సోమేశ్వర గుడిలో నిద్రపోతున్న పిల్లలు, ప్రకాశం బజారులో వాన పడి నిలిచిపోయిన రిక్షాలు. కళ కోసం తీసినవి కావు, రీలు దండగ కావద్దని తీసినవి.

ఆగస్టు 19 ఫోటోగ్రఫీ దినోత్సవానికి ఓ అరవై పెద్దవి చేయించి గోడకు పెడదామని నా ఆలోచన. అత్తమ్మ ఒప్పుకోవట్లేదు. "మీ మామ వాళ్లను అడిగి తీసిండా? ఆయన అడగకుండా తీస్తే నువ్వు అడగకుండా వేలాడదీస్తవా?" అంటోంది. పేచీ అంతా ముఖ్యంగా ఒక ఫోటో మీద. ట్యాంకర్ దగ్గర బిందెల వరుస, అందులో ఫ్లోరైడ్‌తో కాళ్లు వంగిపోయిన ముగ్గురు. నాకు మాత్రం అన్నిట్లో అదే మంచి ఫోటో. ఉంచమంటారా, తీసేయమంటారా?

బత్తాయి బండి:
ఉంచు తమ్మీ, ఇందులో ఆలోచించేదేముంది? నిజాం కొలువుకు రాజా దీన్‌దయాళ్ ఉన్నాడు, మహళ్లూ వేటలూ అన్నీ తీసి పెట్టాడు. నల్గొండ హమాలీకి ఎవరున్నారు, మీ మామ తప్ప? బెంగాల్ కరువును తీసిన సునీల్ జానా మన రైతాంగ పోరాటాన్నీ తీశాడు. ఒక్కొక్కరినీ ఒప్పించి, సంతకం పెట్టించుకుని తీయాలంటే ఏం మిగిలేది? వరంగల్ భరత్ భూషణ్ గారు 2022లో పోయారు. బతుకమ్మ ఆడేవాళ్లను, పల్లె బతుకులను ఆయన తీసి పెట్టబట్టే ఇవాళ చూసుకుంటున్నాం.

మర్రిగూడ మనిషి:
మాది మర్రిగూడ. ఆ ఫోటో నేను చూడలేదు, కానీ అట్లాంటివి వెయ్యి చూశాను. ఎండాకాలం వచ్చిందంటే మా ఊరికి కెమెరాలు వచ్చేవి. మా పెదనాన్నను మంచం మీంచి లేపి, ఎండలో నిలబెట్టి, పంచె మోకాళ్ల పైకి ఎత్తమనేవాళ్లు. ఎత్తేవాడు, నీళ్లొస్తాయేమోనన్న ఆశతో. ఒక్కరన్నా ఫోటో కడిగి తెచ్చివ్వలేదు. ఆయన చనిపోయినప్పుడు పటం కట్టిద్దామంటే ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఆఖరికి ఓటరు కార్డు మీది బొమ్మ పెద్దది చేయించాం.

నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ప్రపంచానికి మన జిల్లా పేరు తెలిసింది ఇట్లా! ఇప్పుడు మనవాళ్లే మళ్లీ కాళ్లు చూపించాలా?

బత్తాయి బండి:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ 2015లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్ పెట్టారు, ఆ తర్వాత నల్లాలు వచ్చాయి. ఇవాళ్టి పిల్లలకు ట్యాంకర్ లైను అంటేనే తెలీదు. ఆ ఫోటో తీసేస్తే రేపు అసలు అట్లాంటిది జరగనే లేదంటారు. హమాలీలు, గాజులు, రిక్షాలు పెట్టి ఇదొక్కటి దాచిపెడితే అది పెళ్లి ఆల్బం అవుతుంది కానీ ఊరి ఫోటోలు ఎట్లా అవుతాయి?

మర్రిగూడ మనిషి:
దాచమని ఎవరన్నారు? అడగమంటున్నా.

కోర్టు గల్లీ:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నా. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటో మీద హక్కు తీయించుకున్నవాళ్లది, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే. నెగటివ్ స్టూడియోలో ఉన్నంత మాత్రాన హక్కు స్టూడియోది కాదు. రోడ్డు మీద ఆయనంతట ఆయన తీసినవి ఆయనవి, ఇప్పుడు వారసులవి. అంటే తమాషా చూడండి, ఒకే రీలులో మొదటి తొమ్మిదీ పెళ్లివాళ్లవి, చివరి మూడూ మీ అత్తమ్మవి! అవి గోడకెక్కాలా వద్దా అనేది మేనల్లుడికన్నా ముందు ఆమె తేల్చాలి. ఇక ఫోటోలో ఉన్న మనిషి గౌరవం అంటారా, అది కాపీరైట్‌తో తేలేది కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అయితే నడిరోడ్డు మీద ఎంతవరకు అంటే వాదించుకోవచ్చు.

డార్క్ రూం తాత:
మీరు కొట్లాడుకునే లోపు నెగటివ్‌లు మిగలాలి కదా నాయనా. డబ్బా మూత తీసి వాసన చూడు. సిర్కా (వెనిగర్) వాసన వస్తే ఫిల్ము చెడిపోవడం మొదలైనట్టే. వాటిని వేరే పెట్టు, లేకపోతే పక్కవాటికీ అంటుకుంటుంది. అటక మీద, అదీ మన నల్గొండ ఎండల్లో, ఇన్నేళ్లు ఉన్నాయంటే వాటి అదృష్టం. ప్లాస్టిక్ కవర్లలో పెట్టకు, కాగితం కవర్లు వాడు. ముందు అన్నీ స్కాన్ చేయించు.

నేనూ స్టూడియో నడిపినవాణ్నే. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో వెండి ఉంటుంది. ఫిల్ము కడిగేటప్పుడు వాడేసిన హైపో మందు నీళ్లు కూడా వెండి తీసేవాళ్లు కొనుక్కుపోయేవాళ్లు. దుకాణం మూసేటప్పుడు ఇరవై ఏళ్ల నెగటివ్‌లు కిలోల లెక్కన అమ్మేశాను. ఎంత వచ్చిందో కూడా గుర్తులేదు, అంత తక్కువ. ఇప్పుడు ఎవరైనా వచ్చి "మా నాయన ఫోటో ఏమన్నా ఉందా" అంటే మొహం చాటేస్తాను.

ఒక్క మాట. ఆ రోజుల్లో కవర్ మీద పేరు, ఊరు, అడ్వాన్సు రాసేవాళ్లం. మీ మామ కూడా రాసే ఉంటాడు. పెళ్లి ఏ ఊళ్లో అయిందో దొరికితే, మిగిలిన మూడూ ఏ దారిలో తీశాడో దొరికినట్టే.

పానగల్ కోడలు:
నాకు ఫోటోతో కన్నా కింద రాసే దానితో భయం. ఓసారి మా అత్తగారి పాత ఫోటో ఎవరో వాట్సాప్‌లో తిప్పారు. చెరువు కట్ట మీద నలుగురు ఆడవాళ్లు, నెత్తి మీద రెండేసి బిందెలు. కింద "గుక్కెడు నీళ్ల కోసం గోస" అని, ఏడుపు బొమ్మలు. మా అత్తగారు ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి ఏమన్నారో తెలుసా? "గోస ఏందే, మేం నవ్వుతున్నం కనపడతలేదా? పక్కింటి పెండ్లికి నీళ్లు మోస్తున్నం. ఆ చీర కూడా నాది కాదు, వదినెది." తర్వాత ఆ నలుగురి పేర్లూ, వాళ్ల పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో గంటసేపు చెప్పారు. తీసినందుకు ఆమెకు కోపం లేదు. బీదదాన్ని చేసినందుకు కోపం.

ఇంకోటి. మర్రిగూడ అన్న చెప్పిన కెమెరావాళ్లు బయటినుంచి వచ్చి పోయేవాళ్లు. వీళ్ల మామ గడియారం సెంటర్‌లో పొద్దున తొమ్మిదింటికి షట్టర్ తీసే మనిషి. నచ్చకపోతే పోయి దుకాణం ముందు నిలబడి తిట్టొచ్చు. ఆ రెండూ ఒకటి కావు. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి ఆ తిట్లు పడే చోట మేనల్లుడు నిలబడాలి, అంతే.

రామగిరి మేనల్లుడు:
అక్కా, మీ పోస్టు అత్తమ్మకు చదివి వినిపించాను. చీర ముక్క దగ్గర నవ్వింది. తాత చెప్పినట్టు కవర్లు కూడా చూశాం. సగం వాటి మీద మామ రాత ఉంది, ఊరి పేర్లతో సహా. సిర్కా వాసన రెండు డబ్బాల్లో వచ్చింది.

అత్తమ్మ చివరికి ఒక మాట చెప్పింది. పెద్దవి చేయించకముందు చిన్న ప్రింట్లు కొట్టించి పాత స్టూడియో కౌంటర్ మీద నెల రోజులు పెట్టాలి. ఎవరన్నా తమవాళ్లను గుర్తుపడితే ఆ ప్రింటు ఊరికే ఇచ్చేయాలి. వద్దంటే గోడకెక్కదు. కింద రాసేది కూడా వాళ్లు చెప్పిందే.

బత్తాయి బండి:
అట్లా అయితే సగం పోతాయి చూడు. మంచివే పోతాయి. నేనింకా ఒప్పుకోను, కానీ ప్రింట్ల ఖర్చులో నా వంతు ఇస్తా.

మర్రిగూడ మనిషి:
ఆ ట్యాంకర్ ఫోటో ఏ పెళ్లి రీలులోది? కవర్ మీద ఏ ఊరుంది?

రామగిరి మేనల్లుడు:
ఇప్పుడే చూశాను అన్నా. "మర్రిగూడ, అడ్వాన్సు 200" అని ఉంది. ముగ్గురిలో ఎడమ చివర కట్టె పట్టుకుని ఒక పెద్దమనిషి, తలకు తువ్వాల. కెమెరా వైపు చూడట్లేదు, పక్కనున్న పిల్లాడితో ఏదో మాట్లాడుతున్నాడు. పంపమంటారా?

మర్రిగూడ మనిషి:
పంపు. ఇక్కడ కాదు, నాకు విడిగా పంపు.