మా పగ్ కుక్క ఎండకు ఇలా రొప్పుతోంది, మామూలేనా?

విజయవాడలో ఉంటాం. నిన్న సాయంత్రం 5 గంటలకు మా బుజ్జిగాడిని వాకింగ్‌కి తీసుకెళ్లా. రెండు వీధులు తిరిగేసరికి గురగురమని రొప్పుతూ గేటు దగ్గర కూలబడ్డాడు. చొంగ జిగురుగా తీగలు సాగింది, చిగుళ్లు ఎర్రబడ్డాయి. ఇవాళ బాగానే తింటున్నాడు కానీ నాకే టెన్షన్.

— మామూలు కాదండీ, వడదెబ్బకు మొదలు అది. పగ్‌లది చప్పిడి ముక్కు, ఎంత రొప్పినా ఒళ్లు త్వరగా చల్లబడదు. మళ్లీ అలా అయితే కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ పెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి.

— కుక్కలకు 102 ఫారెన్‌హీట్ జ్వరం కాదు. 104 దాటితే మాత్రం ఆగొద్దు.

— ఐదింటికి రోడ్డు ఇంకా పెనమే బ్రదర్! అరచెయ్యి తిరగేసి తారు మీద 7 సెకన్లు ఆనించి చూడండి. మావాడిని తెల్లారకముందే తిప్పేస్తా.

— ఇప్పుడే ఆనించా. మూడు లెక్కపెట్టేలోపే తీసేశా. పాపం వాడు.