మొక్కల అక్వేరియం అడుగున ఎర్రమట్టి వేయవచ్చునా, నాగావళి ఇసుక ఒక్కటే చాలునా?

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస):
సభ్యులందరికీ నమస్కారం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు గల ట్యాంకులో వాలిస్నేరియా, క్రిప్టోకోరిన్ మొక్కలు పెంచాలనుకుంటున్నాను. చేపలు గప్పీలు మాత్రమే. దుకాణదారు ఆక్వా సాయిల్ (అక్వేరియం మొక్కల కోసం అమ్మే మట్టి గుళికలు) తప్ప మరేదీ పనికిరాదన్నారు గాని, ధర విన్న తరువాత ట్యాంకు కంటే దాని అడుగే ఖరీదయ్యేలా ఉంది. మా పెరట్లో ఎర్రమట్టి ఉంది. ఇల్లు కట్టగా మిగిలిన నాగావళి ఇసుక కూడా ఉంది. మట్టి మీద ఇసుక కప్పి నాటవచ్చునా, లేక ఇసుక ఒక్కటే వేసి వేళ్ల దగ్గర ఎరువు మాత్రలు గుచ్చడం మేలా? మాది బోరు నీరు. కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది.

ఉభాల రైతు (నరసన్నపేట):
నిస్సందేహంగా మట్టే వేయండి. మన ఎర్రమట్టికి ఆ రంగు ఇనుము తుప్పు వల్ల వచ్చినది. గాలి తగిలేచోట ఆ ఇనుము మొక్కకు అందదు; నీటి కింద ప్రాణవాయువు తగ్గినప్పుడు అదే ఇనుము కరిగే రూపంలోకి మారి వేళ్లకు అందుతుంది. దమ్ము పట్టిన మడిలో జరిగేది ఇదే. వరి దుబ్బును పీకి వేళ్లు కడిగి చూస్తే ఎర్రని పూత కనబడుతుంది కదా, అది వేళ్లు వదిలిన ప్రాణవాయువు తగిలి తిరిగి తుప్పుగా మారిన ఇనుమే. క్రిప్టోకోరిన్ కూడా ప్రధానంగా వేళ్లతో తినే మొక్క. పైగా మట్టిలోని బంకమన్ను పోషకాలను పట్టి ఉంచి కొద్దికొద్దిగా విడుస్తుంది. కడిగిన ఇసుకకు ఆ గుణం దాదాపు లేదు. రెండున్నర సెంటీమీటర్ల మట్టి, దానిపై మూడు సెంటీమీటర్ల ఇసుక చాలును. యూరియా చల్లిన పొలం మట్టి మాత్రం తేవద్దు.

చంపావతి (నెల్లిమర్ల):
రైతు గారి శాస్త్రంతో నాకు పేచీ లేదు, అయితే మడిలో నాటిన వరిని కోతదాకా ఎవరూ కదిలించరు, అక్వేరియం పెట్టిన మనిషి మాత్రం ప్రతి ఆదివారం మొక్కలను ఇటు పీకి అటు నాటుతూ ఉంటాడన్న సంగతిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. నేను నా మొదటి ట్యాంకులో సరిగ్గా ఈ పొరలే వేశాను. మూడు నెలలు మొక్కలు కన్నులపండువుగా పెరిగాయి. ఆపై ఒక పెద్ద క్రిప్టోకోరిన్‌ను జరపబోతే, వేళ్లతో పాటు దోసెడు మట్టి పైకి లేచి నీరంతా వరద కాలపు చంపావతి నదిలా మారింది. ఆ సన్నని ఒండ్రు ఇసుక మీదే పేరుకుని మళ్లీ దిగలేదు. ఇసుక ఒక్కటే అయితే ఈ బాధ లేదు. ఎరువు మాత్రలను రెండు మూడు నెలలకోసారి వేళ్ల దగ్గర గుచ్చుకుంటే క్రిప్టోకోరిన్ నిక్షేపంగా బతుకుతుంది.

బొబ్బిలి గప్పీ:
ఆక్వా సాయిల్‌ను ధర చూసి మాత్రమే తీసిపారేయడం న్యాయం కాదు. అది కాల్చిన మట్టి గుళిక కనుక పీకినా అంతగా బురద లేవదు, పోషకాలనూ పట్టి ఉంచుతుంది. అయితే మొదటి వారాల్లో చేపలకు విషమైన అమ్మోనియా విడుస్తుంది కాబట్టి, పరీక్షలో అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా చేపలను వదలరాదు. మీ విషయంలో అసలు చిక్కు నీరు. ఆక్వా సాయిల్ నీటిలోని క్షారాన్ని పీల్చి మెత్తబరుస్తుంది. గిన్నెకు తెలుపు కట్టే బోరు నీటితో వారం వారం నీరు మారిస్తే ఆ శక్తి త్వరగా అయిపోతుంది. గప్పీలకు, వాలిస్నేరియాకు కఠిన జలమే నచ్చుతుంది కనుక, మీరు డబ్బు పోసి కొనే గుణం మీకు అక్కరలేనిదే.

కళింగపట్నం సభ్యుడు:
అయితే సముద్రపు ఇసుక వేస్తే సరిపోదా?

ఉభాల రైతు (నరసన్నపేట):
వద్దండీ. అందులో గవ్వల ముక్కలుంటాయి, అవి కరుగుతూ కాఠిన్యాన్ని ఇంకా పెంచుతాయి. నది ఇసుకైనా చెంచాడు తీసి వెనిగర్ పోసి చూడండి. బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు. ఇక చంపావతి గారు అన్నదానికి నిజాయితీగా జవాబు చెప్పాలి. మట్టి వేసిన నా ట్యాంకులో మొక్కల చోటు నేనెన్నడూ మార్చలేదు. మార్చి ఉంటే నా మాట వేరుగా ఉండేదేమో. అంటే ప్రశ్న మట్టి మంచిదా, ఇసుక మంచిదా అని కాదు, పెట్టినవారి చేయి ఊరుకుంటుందా లేదా అన్నది. ఆమదాలవలస వారు అది చెప్పాలి.

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస):
నా చేయి ఊరుకోదు, ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఒక ఉపాయం తోచింది. ట్యాంకు మొత్తం ఇసుకే వేసి, క్రిప్టోకోరిన్‌లను మాత్రం రంగు వేయని మట్టి మూకుళ్లలో ఎర్రమట్టి నింపి, పైన ఇసుక కప్పి, అంచు దాకా పాతిపెడితే? జరపాలంటే మూకుడుతో సహా ఎత్తవచ్చు.

చంపావతి (నెల్లిమర్ల):
దీనికి నా అభ్యంతరం లేదు. వాలిస్నేరియాను మూకుట్లో పెట్టకండి, అది తీగలు పాకించి అంచు దాటిపోతుంది. దానికి ఇసుక చాలు.

బొబ్బిలి గప్పీ:
ఇసుక లెక్క: మీ కొలతకు సెంటీమీటరు మందానికి సుమారు 1.8 లీటర్లు పడుతుంది. ఐదు సెంటీమీటర్లకు తొమ్మిది లీటర్లు, పొడి ఇసుక దాదాపు 14 కిలోలు. కట్టుబడికి తెచ్చిన ఇసుకలో సిమెంటు కలిసిందేమో చూసుకుని, జల్లెడ పట్టి, తేట నీరు వచ్చేదాకా కడగండి. మూకుళ్ల లోతు ఐదు సెంటీమీటర్లు మించితే వెనుక వైపు ఇసుక కొంచెం పెంచుకోవాలి.

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస):
వెనిగర్ పోసి చూశాను, బుడగలు రాలేదు. సంతలో మూకుళ్లు చూసి వస్తాను.