క్రిస్మస్‌కి హైదరాబాద్ స్టార్ హోటల్లో రెండు రాత్రులు: దండగా, దర్జానా?

ఉండి కాలువ గట్టు:
ప్రశ్న సూటిగా పెడుతున్నానండి. భీమవరం వైపు నుంచి ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు (ఏడేళ్లు, పదమూడేళ్లు). డిసెంబరు 24, 25 రాత్రులు హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో దిగడం మేలా, అదే డబ్బుతో కోనసీమ దిండిలో రిసార్టు మేలా? రైలు ఛార్జీలు కాకుండా నలభై వేలు అనుకోండి. ‘దండగ’ అని ఒక్క ముక్కతో కొట్టిపారేయకుండా ఎక్కడ ఎంత పోతుందో చెప్పండి.

వశిష్ఠ పాయ:
హైదరాబాదే. కారణం జనానికి తట్టనిది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు పెద్ద హోటళ్లు బతికేది కంపెనీల పని మీద వచ్చేవాళ్లతో. క్రిస్మస్ వారంలో విదేశీ కంపెనీల పనులు దాదాపు ఆగిపోతాయి, ఆ రూములు ఖాళీ పడతాయి. పైగా డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. మన ముహూర్తాలు ఆగిపోతాయి కాబట్టి పెళ్లివారు గంపగుత్తగా రూములు పట్టేసే బెడదా ఉండదు. అందుకే 22 నుంచి 27 దాకా రేటు కాస్త మెత్తబడుతుంది, 30, 31కి మళ్లీ ఎగురుతుంది.

దిండికి ఇది తిరగబడుతుంది. ఉన్న రూములే కొద్ది, పడవిళ్లు ఇంకా కొద్ది. హైదరాబాద్ వాళ్లంతా కోనసీమ చూడ్డానికి దిగే వారం అది. వాళ్లు ఇటు వస్తుంటే మనం అటు పోవడమే తెలివి.

లంక కొబ్బరి:
వశిష్ఠ గారూ, రూము రేటు తగ్గిందని సంబరపడితే ఎలాగండీ? పోయేది రూములో కాదు, భోజనంలో. కొన్ని హోటళ్లు 24 రాత్రి ‘గాలా డిన్నర్’ అని తప్పనిసరి చేసి మనిషికింత అని బిల్లులో కలుపుతాయి. బుకింగ్ సైట్లో రూము ధర పెద్దక్షరాల్లో ఉంటుంది, ఇది నిబంధనల్లో చీమ తలకాయంత. ఎవరు బుక్ చేసినా హోటల్‌కే ఫోన్ చేసి, ‘24న తప్పనిసరి భోజనం ఉందా, పిల్లలకు ఎంత?’ అని అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్ మాట కౌంటర్ దగ్గర చెల్లదు.

దిండిలో ఈ గొడవ తక్కువ. గోదారి ఎదురుగా కూర్చుని రొయ్యల వేపుడు తినొచ్చు. ఊళ్లో చర్చికి అరగంటలో పోయిరావచ్చు.

పన్ను లెక్క:
ఇద్దరూ జీఎస్టీ వదిలేశారు. గీత 7,500 దగ్గర ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 రూపాయలు, అంతకు లోపు రూముకి 5 శాతం. ఆ పైన 18 శాతం, అదీ పైనున్న మొత్తం మీద కాదు, రూము ధరంతటి మీద.

7,400 రూముకి పన్ను 370, మొత్తం 7,770.
7,600 రూముకి పన్ను 1,368, మొత్తం 8,968.

రెండొందల తేడా ఉన్న రూముకి రాత్రికి 1,198 ఎక్కువ కడుతున్నారు. రెండు రాత్రులకి 2,396, అంటే ఒక పూట భోజనం. 7,600, 7,800 దగ్గర రేటు కనబడితే సభ్యత్వం తగ్గింపో, నేరుగా హోటల్ సొంత సైట్లో ధరో చూసి గీత కిందికి దింపండి. పన్ను పడేది నిజంగా వసూలు చేసిన ధర మీద, బోర్డు మీదున్న ధర మీద కాదు. రూము, టిఫిను కలిపి ఒకే ధరగా ఇచ్చే ప్లానులో ఆ కలిపిన ధరే గీత దాటొచ్చు, కట్టే ముందు ఆఖరి పేజీలో పన్ను వరస చూడండి.

ఇంకోటి. నలుగురికి 14,000 పెట్టి పెద్ద సూట్ (హాలూ పడగ్గదీ కలిసిన రూము) తీసుకుంటే 18 శాతంతో 16,520. ఏడేసి వేల రూములు రెండు తీసుకుంటే 5 శాతంతో 14,700. మధ్యలో తలుపున్న జంట రూములు అడగండి. కాకపోతే అది ‘వీలునుబట్టి’ అనే ఇస్తారు. పిల్లలున్నారని ముందురోజు ఫోన్‌లో గుర్తుచేస్తే వీలు పెరుగుతుంది.

లంక కొబ్బరి:
మరి భోజనం మీద పన్నో? రూము 5 శాతంలో ఉంటే తిండి కూడా 5 శాతమేగా?

పన్ను లెక్క:
కాదండి, చాలామంది పడే బురద అదే. 2025 ఏప్రిల్ 1 నుంచి లెక్క ఇదీ: కిందటి ఆర్థిక సంవత్సరంలో ఆ హోటల్ ఒక్క రూమునైనా 7,500 దాటి ఇచ్చి ఉంటే అక్కడి రెస్టారెంటులో 18 శాతం. మీరు 7,400కే దిగినా సరే. పెద్ద హోటళ్లన్నీ దాదాపు ఇందులోకే వస్తాయి.

కాబట్టి మెనూ కార్డు మీద 3,000 పక్కన రెండు ప్లస్ గుర్తులు కనబడితే అర్థం, పన్ను, ఒక్కోచోట సర్వీస్ ఛార్జీ కూడా విడిగా అని. పదమూడేళ్లవాడిని చాలాచోట్ల పెద్దవాడిగానే లెక్కేస్తారు, ఏడేళ్లవాడికి సగం. మూడున్నర ప్లేట్లు 10,500, పన్ను 1,890, వెరసి 12,390.

సర్వీస్ ఛార్జీ వేరే కథ. బిల్లులో దానంతట అది కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బిల్లులో కనబడితే తీసేయమని మర్యాదగా అడగండి. తీయకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్.

ర్యాలి రేవు:
డబ్బు సంగతి తేలింది గానీ టైము సంగతి? గౌతమిలాంటి రాత్రి బండ్లు మనల్ని తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దింపుతాయి. హోటల్ రూము ఇచ్చేది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి. 24 ఉదయం ఆరున్నరకి లాబీలో పిల్లలతో, నాలుగు పెట్టెలతో, పూతరేకుల డబ్బాతో దిగితే ఎనిమిది గంటలు ఏం చేస్తారు? సామాను బెల్ డెస్క్ దగ్గర పెట్టుకుంటారు, దానికి డబ్బు లేదు. రూము మాత్రం ఖాళీ ఉంటేనే. గ్యారంటీగా కావాలంటే సగం రోజు అద్దె అడుగుతారు, కొన్నిచోట్ల పూర్తి రోజు. అందుకని రాజమండ్రిలో ఉదయం వందే భారత్ ఎక్కితే మధ్యాహ్నం రెండు దాటాక సికింద్రాబాద్‌లో ఉంటారు. రూము తయారుగా ఉంటుంది, రాత్రి నిద్రా పాడవదు. వారంలో ఒకరోజు ఆ బండికి సెలవు, తేదీ చూసుకోండి.

టికెట్టు అరవై రోజుల ముందే తెరుస్తారు (2024 నవంబరు 1 ముందు 120 ఉండేది). డిసెంబరు 24 ప్రయాణానికి అక్టోబరు 25 ఉదయం కూర్చోవాలి. హోటల్ తర్వాత దొరికినా దొరుకుతుంది, ఆ వారం బెర్తు దొరకదు. ముందు రైలు, తర్వాత రూము, అదీ రద్దుకి వీలున్న రేటులో. తిరిగి ఇవ్వని రేటు పదో పదిహేనో శాతం తక్కువ చూపిస్తుంది. బెర్తు వెయిటింగ్‌లో ఉండగా అది తీసుకోవడం ఈత రాకుండా ఏటికి అడ్డంపడటమే.

నర్సాపురం గంట:
అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 1836లో ఇంగ్లీషు మిషనరీలు బౌడెన్, బీర్ ఇండియాకు వచ్చి ఈ డెల్టాలో మిషన్ పెట్టిన దగ్గర్నుంచి నర్సాపురం, పాలకొల్లు చుట్టూ క్రిస్మస్ అంటే ఊరి పండగ. స్టార్లు కట్టడం, ఇంటింటికీ క్యారల్స్, గులాబీ పువ్వులు వండటం. ఆ రాత్రి ఊరు వదిలి అద్దాల మేడలో కూర్చుంటే పండగెక్కడిది? వెళ్లాలనుకుంటే 26 నుంచి 28 దాకా వెళ్లండి. లాబీలో చెట్టు, దీపాలు ఎక్కడికీ పోవు, జనవరి మొదటివారం దాకా తీయరు. తప్పనిసరి డిన్నరూ తప్పుతుంది.

వశిష్ఠ పాయ:
గంట గారి తేదీ మాట ఒప్పుకుంటాను, ‘పండగెక్కడిది’ అన్నది ఒప్పుకోను. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికా 1850 నాటిది, అక్కడ 24 అర్ధరాత్రి పూజ ఉంటుంది. తెలుగు ఆరాధన ఏ చర్చిలో ఎన్నింటికో ముందే కనుక్కోవాలి, ఒక్కో చర్చిలో ఇంగ్లీషుకీ తెలుగుకీ వేరే వేళలు. అర్ధరాత్రి దాటాక క్యాబు దొరకడమే కష్టం. హోటల్ ట్రావెల్ డెస్క్‌లో కారు అడిగితే రెట్టింపు చెబుతారు, పోనూ రానూ గంటల లెక్కన బయటి కారు మాట్లాడుకోవడం నయం.

మెదక్ చర్చి కూడా చూపించొచ్చు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన కేథడ్రల్ అది. కానీ 25న వెళ్లొద్దు. దారి సుమారు వంద కిలోమీటర్లే, ఆ రోజు జనంతో చివరి పది కిలోమీటర్లే టైమంతా తినేస్తాయి.

వంటింటి వాకబు:
25 మధ్యాహ్నం బఫే గురించి నాలుగు ముక్కలు. ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే, నిరాశ పుట్టేదీ అక్కడే.

టర్కీ కోడి అందరూ మొదట వెతికేది. పెద్ద పక్షి, రొమ్ము మాంసంలో కొవ్వు ఉండదు. ముక్కలు కోసి వేడి దీపం కింద అరగంట పెడితే కొబ్బరి పీచు అయిపోతుంది. తలుపులు తీసే వేళకే, అంటే పన్నెండున్నరకే వెళ్లండి. కోసే మనిషిని తొడ మాంసం అడగండి, గ్రేవీ పక్కన పోయించుకోండి. రెండున్నరకి వెళ్లి ‘రుచి లేదు’ అంటే వంటవాడి తప్పు కాదు.

ప్లమ్ కేకు పళ్లని అక్టోబరులోనే రమ్ములో, బ్రాందీలో నానేస్తారు. కాల్చాక కూడా పైన పోస్తారు, ఆ పోసింది ఆవిరి కాదు. మన సంఘాల్లో మందు ముట్టనివాళ్లు ఎక్కువ, కాబట్టి మందు కలపని కేకు విడిగా ఉందా అని అడగాలి. చాలాచోట్ల ఉంటుంది, కానీ అడిగితేనే చూపిస్తారు. ప్లమ్ పుడ్డింగ్‌కీ, ట్రైఫిల్‌కీ అదే ప్రశ్న. హామ్, బేకన్ వేరే గరిటెతో వడ్డిస్తున్నారో లేదో కూడా చూసుకోండి.

ప్లేటు నింపే పద్ధతి: ముందు కోసే కౌంటరు, తర్వాత సముద్రపు చేపలు, చివర తీపి. పప్పు, బిర్యానీ అక్కడ తినడం అంటే మన ధాన్యం మనమే కొనుక్కోవడం.

కత్తిపూడి జంక్షన్:
ఇంత లెక్క ఎందుకండీ! లాబీ చూడ్డానికి రూమెందుకు? రెండు, మూడు వేల మంచి రూము అమీర్‌పేటలో తీసుకోండి, 25 మధ్యాహ్నం బఫేకి మాత్రం పెద్ద హోటల్‌కి వెళ్లండి. చెట్టు, అల్లం రొట్టెలతో కట్టిన బొమ్మరిల్లు, తాతయ్య వేషం, అన్నీ పిల్లలు చూస్తారు. పదివేలు మిగులుతాయి.

ర్యాలి రేవు:
కత్తిపూడి గారి మాట ముప్పాతిక నిజం. పాతిక అబద్ధం ఎక్కడంటే, పిల్లలకి నచ్చేది ఈతకొలను. అది హోటల్లో రూము తీసుకున్నవాళ్లకే. అయితే డిసెంబరులో హైదరాబాద్ చలి మన డెల్టా చలి కాదు, నీళ్లు వెచ్చబెట్టని కొలనులో పిల్లలు పది నిమిషాలు కూడా ఉండరు. ‘నీళ్లు వేడి చేస్తారా, ఎన్ని గంటల వరకు?’ అని అడిగాకే ఆ లెక్క రూములో కలపండి. వేడి చేయరంటే కత్తిపూడి గారిదే గెలుపు.

ఉండి కాలువ గట్టు:
తేదీ 26, 27కి మారుస్తున్నానండి, పండగ ఊళ్లోనే. మరో సందేహం: అమెరికా నుంచి వచ్చే మరదలు, పిల్ల కూడా మాతో చేరొచ్చు. వాళ్లు ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్లకి ఇచ్చే కార్డు) వాళ్లు. ఏమైనా తేడా ఉంటుందా?

పన్ను లెక్క:
ఉంటుంది. ఓసీఐ ఉన్నా వాళ్లది విదేశీ పాస్‌పోర్టే కదా. హోటల్ వాళ్లు 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారులకి పంపాలి. పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు రెండూ అసలువి తేవాలి, ఫోన్‌లో ఫొటో సరిపోదు. పిల్లకి కూడా. మీ ఇద్దరికీ ఆధార్ చాలు.

వాళ్లు కలిస్తే ఒక రూములో ఆరుగురు పట్టరు, రెండు రూములే. పైన చెప్పిన ఏడు వేల లెక్క అప్పుడు సరిగ్గా అతుకుతుంది. దిగేటప్పుడు డిపాజిట్‌కి క్రెడిట్ కార్డు ఇవ్వండి, మొత్తాన్ని ఆపిపెట్టి వెళ్లేటప్పుడు వదులుతారు. డెబిట్ కార్డు ఇస్తే డబ్బు నిజంగానే ఖాతాలోంచి పోతుంది, వెనక్కి రావడానికి వారం పట్టినా పట్టొచ్చు. పెద్ద మొత్తం నగదుగా కడితే పాన్ అడుగుతారు.

లంక కొబ్బరి:
26కి మార్చారు, బాగుంది. ఆరుగురు అయినప్పుడు దిండిలో ఒక పడవిల్లు మొత్తం ఎంతకిస్తారో కూడా ఒక్కసారి అడిగి చూడండి. ఆ లెక్క ఇక్కడ పెట్టాకే రూము బుక్ చేయండి, వశిష్ఠ గారు ఏమంటారో చూద్దాం.