మూగజీవికి సూది వేయించే రోజు ఎవరు నిర్ణయించాలి?

వైనతేయ తీరం (రాజోలు వైపు)

మా చిట్టికి పదమూడేళ్లు. పొమేరేనియన్ కుక్క. మూడు నెలలుగా కిడ్నీ జబ్బు. కిందటి వారం రాజమహేంద్రవరంలో పరీక్ష చేయిస్తే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 7.8 వచ్చింది. 5 దాటితే చివరి దశ అట. రోజు విడిచి రోజు ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కిస్తున్నాను. నోట్లో పుళ్లు, ఊపిరిలో మూత్రం వాసన. పాలు తాగిన గంటలోపే వాంతి చేసుకుంటుంది. "ఇక మీరు ఆలోచించుకోండి" అని మాత్రం అన్నారు డాక్టరు గారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు: బాధ లేకుండా ప్రాణం పోయే సూది వేయించడం.

అమ్మ ససేమిరా అంటోంది. "దాని రుణం ఎంత ఉంటే అంత తీరాకే పోతుంది, మధ్యలో తెంచడానికి మనమెవరం?" అంటుంది. హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఫోనులో "ఇంకా ఎందుకు బాధపెడుతున్నారు?" అంటాడు. రాత్రి రెండింటికి దాన్ని పెరట్లోకి ఎత్తుకెళ్లేది నేను. నిన్న వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డాను. అది నిలబడలేక నా కాలికి ఆనుకుంది. ఏది సరైన సమయం? అసలు ఆ సమయం నిర్ణయించే హక్కు మనకుందా?

కొబ్బరితోట (అంబాజీపేట)

మీ అమ్మగారి మాటే నా మాట. మా కుక్క రాముడు పదిహేనేళ్లు బతికాడు. చివరి నాలుగు రోజులు ఏమీ ముట్టలేదు. మామిడి చెట్టు కింద పడుకున్నవాడు అయిదో రోజు తెల్లవారుజామున ఎలా వచ్చాడో గానీ గుమ్మం మీద తల పెట్టుకుని పోయాడు. సూది వేయించి ఉంటే ఆ గుమ్మం దాకా వచ్చే అవకాశం మేం లాగేసుకున్నవాళ్లమయ్యేవాళ్లం.

మనిషి విషయంలో సుప్రీంకోర్టు 2018లో చికిత్స ఆపడానికి ఒప్పుకుంది గానీ సూదికి ఒప్పుకోలేదు. నోరున్నవాడికే రాయని తీర్పు నోరులేనిదానికి మనం ఎలా రాస్తాం? ధర్మరాజు స్వర్గాన్నయినా వదులుకుంటానన్నాడు గానీ వెంట వచ్చిన కుక్కను వదలనన్నాడు.

వశిష్ఠ గట్టు (నరసాపురం)

కొబ్బరితోట గారూ, మీరు చూసింది నిండు వయసు చావు. దీపం కొండెక్కినట్లు వెళ్లిపోయాడు. అన్ని జబ్బులూ అంత మర్యాదగా తీసుకుపోవు.

మా లాబ్రడార్‌కు ముందు కాలి ఎముకలో క్యాన్సర్ వచ్చింది. ఊపిరితిత్తులకూ పాకిందని ఎక్స్‌రేలో తేలింది. నాకు మిగిలిన ధైర్యం ఒక్కటే, అది తింటోంది. చేప ఉడకబెట్టి, ముళ్లు తీసి అన్నంలో కలిపి పెడితే గిన్నె నాకేది. "తిన్నంత కాలం ఫర్వాలేదు" అని ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెప్పేవాణ్ణి. కుక్క నొప్పిలోనూ తింటుంది. అరవదు కూడా. నేను చూడవలసినవి వేరే ఉన్నాయి. నిద్రలోనూ రొప్పడం, నన్ను చూసి తోక ఆడించినా లేవకపోవడం, ఆ కాలి వైపు చెయ్యి చాపితే ముఖం తిప్పేసుకోవడం. ఇవన్నీ నా కళ్ల ముందే జరిగాయి, నేను మాత్రం గిన్నె చూస్తూ కూర్చున్నాను. ఒక ఆదివారం రాత్రి అది నడవబోతే పుచ్చిన ఆ ఎముక విరిగింది. తెల్లవారేదాకా ఒక్క డాక్టరూ దొరకలేదు. ఆ ఏడు గంటలు దానికి నేను చేసిన అన్యాయం. నాలుగేళ్లయింది, ఇప్పటికీ ఆదివారం రాత్రి నిద్ర పట్టదు.

మనిషికి లేనిది జంతువుకెలా అన్నారు. మనిషి ఎక్కడ నొప్పో చెబుతాడు, మందు అడుగుతాడు, మనవరాలి పెళ్లి చూసి పోతానని పంటి బిగువున ఓర్చుకుంటాడు. కుక్క దేనికోసం ఓర్చుకోవాలి? ఎల్లుండి తగ్గుతుందని దానికి ఎవరు చెప్పగలరు? ధర్మరాజు కుక్కను వదలలేదు, నిజమే. దగ్గరుండి సాగనంపడం వదిలెయ్యడం కాదని నా నమ్మకం.

ఎవరు నిర్ణయించాలన్నదానికి నా జవాబు ఒక్కటే. రాత్రి రెండింటికి ఎత్తుకెళ్లే చేతులు నిర్ణయించాలి. ఎత్తినప్పుడు ఒళ్లు బిగుసుకుంటోందో లేదో, నిన్నటికంటే ఎంత తేలికైందో ఫోనులో తమ్ముడికి తెలియదు. పగలు తల నిమిరే అమ్మగారికీ పూర్తిగా తెలియదు. "నేను అలసిపోయి ఇలా ఆలోచిస్తున్నానేమో" అన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది, నాకూ వచ్చింది. అలసట పాపం కాదండి. అలసట వేరు, దాని నొప్పి వేరు. రెండింటినీ విడివిడిగా చూడగలిగితే చాలు.

అందుకు ఒక దారి ఉంది. అమెరికాలో జంతువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలత ఇచ్చారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది. ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 70కి 35 దాటితే సాకవచ్చునంటారు. నాకు ఆ లెక్క మీద పూర్తి నమ్మకం లేదు. ఆశ ఉన్న రోజు మన చెయ్యి మార్కులు పెంచేస్తుంది. మీరూ అమ్మగారూ వేర్వేరు కాగితాల మీద, ఒకరికొకరు చూపించకుండా, ఈ రోజు దానికి మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్క వారం పాటు రాయండి.

కాలువ మలుపు (భీమవరం)

ఒక్క మాట. 1928లో సబర్మతి ఆశ్రమంలో నయం కాని బాధతో పడి ఉన్న దూడకు గాంధీజీ దగ్గరుండి సూది వేయించారు. ఆ సంగతి తన పత్రికలో తానే రాస్తే కోపంతో ఉత్తరాలు వెల్లువెత్తాయి. అహింస గురించి అంత పట్టుదల ఉన్న మనిషే ఈ ముడి దగ్గర ఆగి ఆలోచించాడంటే, మీ ఇంట్లో తగవు పడడంలో వింత లేదు.

విశ్రాంత పశువైద్యుడు (కాకినాడ)

వాదనలో దిగను. చేసేటప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను. తెలియకపోవడం వల్లే సగం భయం.

ముందు కండకు మత్తు సూది వేస్తారు. పది పదిహేను నిమిషాల్లో నిద్రలోకి జారుతుంది. ఆ తర్వాతే ముంగాలి నరంలోకి మత్తుమందును మోతాదు మించి ఎక్కిస్తారు. శ్వాస ఆగుతుంది, కొద్దిసేపటికి గుండె ఆగుతుంది. కళ్లు మూసుకోవు. మూత్రం పోవచ్చు. ఒక్కసారి గాలి పీల్చినట్లు ఒళ్లు కదలవచ్చు, అది బాధ కాదు. ముందు మత్తు ఇస్తారా అని తప్పక అడగండి. మరీ చివరిదాకా ఆగితే ఒంట్లో నీరు ఇంకిపోయి నరం దొరకదు, నాలుగైదు చోట్ల గుచ్చవలసి వస్తుంది. ఆగడానికి కూడా ఒక ఖరీదు ఉందని ఎవరూ చెప్పరు.

ఈలోగా నొప్పికని మన మాత్రలు పెట్టకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్క కిడ్నీలను దెబ్బతీస్తాయి. పిల్లికి పారాసిటమాల్ ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. కొందరు అన్నంలో పురుగుమందు కలిపి పెడతారు. అది కారుణ్యం కాదు, చిత్రహింస. చట్టం దృష్టిలో నేరం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 13వ సెక్షన్ మాత్రం బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటుందని ఒప్పుకుంటుంది.

సూదితో ఎక్కించిన ఆ మత్తుమందు కళేబరంలో నిలిచి ఉంటుంది. కాకులు, గద్దలు, వీధికుక్కలు పీక్కుతింటే వాటికీ ప్రమాదమే. కాలువలో పారేయకండి, దిగువ ఊళ్లవారు ఆ నీళ్లే తాగుతారు. మన డెల్టాలో వానాకాలం మూడడుగులు తవ్వేసరికి ఊట వచ్చేస్తుంది కనుక పాతిపెట్టడానికి ముందే మెరక చూసి పెట్టుకోవాలి. ఏడుపులో ఉండగా ఈ పనులు తోచవు.

కొబ్బరితోట (అంబాజీపేట)

నరసాపురం వారు రాసిన ఆ ఆదివారం రాత్రి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నా భయం ఇది: సూది సులువని తెలిస్తే జనం దాన్ని తమ వీలుకు వాడుకుంటారు. డాక్టరు గారూ, అలా అడిగేవారు లేరా?

విశ్రాంత పశువైద్యుడు (కాకినాడ)

ఉన్నారమ్మా. అపార్ట్‌మెంటుకు మారుతున్నామని ఒకరు, చర్మవ్యాధితో వాసన వస్తోందని ఒకరు అడిగారు. ఇద్దరినీ పంపేశాను. చర్మవ్యాధి కుక్క ఇంకో ఆరేళ్లు బతికింది. మీ భయం న్యాయమైనదే. కానీ రాత్రంతా గొడుగు పట్టుకుని నిలబడే ఈ అమ్మాయి ఆ కోవలోది కాదు.

కొబ్బరితోట (అంబాజీపేట)

కాదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. మా రాముడు ఇప్పుడు ఉన్నా నేను మాత్రం సూది వేయించను. మీరు వేయిస్తే అది పూర్తిగా నిద్రపోయేదాకా మీ చెయ్యి దాని మీదే ఉంచండి, గదిలోంచి వెళ్లిపోకండి.

వైనతేయ తీరం (రాజోలు వైపు)

వారం అయింది. కాగితాలు పక్కపక్కన పెట్టాం. నేను ఏడు రోజుల్లో ఆరు చెడ్డవని రాశాను. అమ్మ అయిదు రాసింది. ఆదివారం ఒక్కటే మా ఇద్దరికీ తేడా, ఆ రోజు చిట్టి అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగిందట. అమ్మ తన కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత "మంగళ, శుక్రవారాలు మాత్రం వద్దు" అంది.

గురువారం ఉదయం డాక్టరు గారు ఇంటికే వస్తున్నారు. మత్తు సంగతి అడిగాను, ముందు ఇస్తామన్నారు. తమ్ముడు బుధవారం రాత్రి బస్సుకు బయలుదేరుతున్నాడు. పెరట్లో ఉసిరిచెట్టు పక్కన మెరక ఉంది. ఈ పూట నాన్నగారు తవ్వి చూశారు. నాలుగడుగులు దిగినా ఊట రాలేదు.