వరద సమాచారానికి స్కీమా తనిఖీ ఒక్కటే సరిపోతుందా?

రాజోలు టెస్టర్
ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ నీటిమట్టం చూపించే యాప్ టెస్టుల గురించి అడుగుతున్నానండి. సర్వర్ పంపే జేసన్‌లో (పేరు, విలువ జతలుగా ఉండే సమాచారం; ఒక్కో జత ఒక ఫీల్డు) సమయం, మట్టం అడుగుల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో, హెచ్చరిక సంఖ్య (0 నుంచి 3), మూడు డెల్టా కాలువలకు వదిలిన నీరు, వాటి మొత్తం ఉంటాయి. జేసన్ స్కీమాతో (ఏ ఫీల్డులు, ఏ రకంగా ఉండాలో చెప్పే నియమాల పత్రం) సరిచూస్తే చాలని కొందరు, విలువలకు విడిగా అసర్ట్‌లు (ఈ విలువ ఇంతే ఉండాలని కోడ్‌లో చేసే తనిఖీలు) రాయాల్సిందేనని కొందరు. మీరేమంటారు?

భీమవరం
స్కీమా చాలండి, సరిగ్గా రాస్తే. స్కీమాలో ఫీల్డుల వివరాలుండే ప్రాపర్టీస్‌లో పేరు రాసినంత మాత్రాన ఫీల్డు తప్పనిసరి అయిపోదు, తప్పనిసరి పేర్ల జాబితా అయిన రిక్వైర్డ్‌లోనూ ఉండాలి. అడిషనల్ ప్రాపర్టీస్‌కి ఫాల్స్ పెట్టకపోతే అక్షరం తప్పిన పేరు అదనపు ఫీల్డుగా దర్జాగా వచ్చేస్తుంది. కాలువల జాబితాకి మిన్ ఐటమ్స్ 3 (కనీసం మూడు ఉండాలని) లేకపోతే ఖాళీ జాబితా కూడా పాసే. ఇంకోటి, సమయానికి డేట్-టైమ్ ఫార్మాట్ అని రాసి వదిలేస్తారు. పైథాన్ జేసన్‌స్కీమా లైబ్రరీకి ఫార్మాట్ చెకర్ ఇవ్వకపోతే "నిన్న సాయంత్రం" అన్నా ఒప్పేసుకుంటుంది.

అమలాపురం
ఇవన్నీ చేసినా అసలు ప్రమాదం అలాగే ఉందండి. ప్రవాహం మన పద్ధతిలో "10,00,000" అని స్ట్రింగ్‌గా (సంఖ్యగా కాక అక్షరాలుగా) వచ్చిందనుకోండి. జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చే పార్స్‌ఇంట్ మొదటి కామా దగ్గరే ఆగిపోయి 10 ఇస్తుంది. ఆ మార్పు తర్వాత సరిచూస్తే 10 కూడా నంబరే, స్కీమా పాస్. 10 లక్షల క్యూసెక్కుల మొదటి హెచ్చరిక ఇవ్వాల్సిన చోట లంక గ్రామాలకు ఏమీ వెళ్ళదు. ఇలాంటి తప్పు పట్టుకోలేని టెస్టు ఉండి ఏం లాభం?

భీమవరం
దానికి కనిష్ఠ విలువ పెట్టలేం, ఎండాకాలం ప్రవాహం బాగా పడిపోతుంది. ఒప్పుకుంటాను. కానీ హెచ్చరిక నియమాన్ని స్కీమాలోనే ఇఫ్, దెన్‌తో (ఇలా ఉంటే అలా ఉండాలి అని) రాయొచ్చు కదండీ: ప్రవాహం 17,00,000 లేదా ఆపైన ఉంటే హెచ్చరిక 3.

అమలాపురం
రాయొచ్చు, ఓ మెలిక ఉంది. ఇఫ్ లోపల కూడా రిక్వైర్డ్ రాయకపోతే, ప్రవాహం ఫీల్డు అసలు లేకపోయినా షరతు నిజమైపోతుంది. కనిష్ఠ విలువ చెప్పే మినిమమ్ అనేది నంబర్లనే చూస్తుంది కాబట్టి స్ట్రింగ్ వచ్చినా అంతే. అప్పుడు వచ్చే ఎర్రర్ "హెచ్చరిక 3 కాదు" అని చూపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పైగా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల మొత్తం, మొత్తం ఫీల్డుతో సరిపోయిందా అన్నది స్కీమాలో రాసే దారే లేదు. కూడిక దానికి రాదు. అది కోడ్‌లో ఒక్క వరుస.

తణుకు
ఊళ్ళ పేర్లు కూడా పంపుతుంటే వాటి సంగతీ చూసుకోండి. "పైడిపర్రు"లో ఐత్వాన్ని యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలకిచ్చే సంఖ్యల పద్ధతి) ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వ గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. కంటికి ఒకటే, పోలిస్తే వేరు. మాక్స్ లెంగ్త్ (గరిష్ఠ పొడవు) 9 పెడితే మొదటిది పాస్, రెండోది ఫెయిల్. పోల్చేముందు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీకి (ఇలాంటి రెండు రాతల్ని ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) మార్చండి.

రాజోలు టెస్టర్
స్నాప్‌షాట్ టెస్టు (ముందు దాచిన జవాబుతో కొత్త జవాబును పోల్చేది) పెడితే ఇవన్నీ ఒకేసారి తేలిపోవా?

అమలాపురం
హెచ్చరికలకు మాత్రం వద్దండి. సమయం ప్రతిసారీ మారుతుంది, టెస్టు రోజూ ఫెయిలై ఎర్రబడుతుంది, చివరికి ఎవరో అప్‌డేట్ కమాండ్ కొట్టేసి తప్పు విలువనే సరైనదిగా దాచేస్తారు. స్కీమా ఉంచండి, అది ముందు నడవాలి. అందులో పాసైనవాటికి హద్దుల దగ్గర అసర్ట్‌లు రాయండి: 9,99,999కి 0, 10,00,000కి 1, 12,99,999కి 1, 13,00,000కి 2, 16,99,999కి 2, 17,00,000కి 3. మట్టానికి 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గరా అలాగే.

భీమవరం
ఆ ఆరు విలువల్నీ కామాలతో స్ట్రింగ్‌గా కూడా పంపే టెస్టు ఒకటి చేర్చండి. వాటిని తిరస్కరించాలి, మొదటి కామా దగ్గర కోసి 10, 12 లాంటి సంఖ్యలుగా మార్చకూడదు.